గింజను నిద్ర లేపడం, కాడను అదుపులో పెట్టడం ఎలా?

ఒక ఏడాది సార్వా (తొలి పంట) వడ్లు నూర్చిన పది రోజులకే, అందులోంచే విత్తనం తీసి దాళ్వా (రెండో పంట) నారుమడికి నానబోశాం. ఎప్పటిలాగే మండె కట్టాం, అంటే నానిన వడ్లను మొలకెత్తడానికి తడి గోనెలో మూటగట్టాం. రెండో రోజు గోనెపట్టా ఎత్తి చూస్తే వంద గింజల్లో పాతికకు కూడా ముక్కు పగల్లేదు. విత్తనం చచ్చిపోయిందనుకుని నాన్న ఆ వడ్లన్నీ గేదెల దాణాలో కలిపేసి, అప్పు చేసి వేరే విత్తనం కొన్నారు. ఇంట్లో మిగిలిన అవే వడ్లు గుప్పెడు తీసి మూడు వారాల తర్వాత నేను తడిగుడ్డలో వేశాను. పదింట తొమ్మిది మొలిచాయి. గింజలు చావలేదు, నిద్రలో ఉన్నాయంతే. ఆ సంగతి మాకు ముందే తెలిసుంటే ఆ అప్పు తప్పేది.

అందుకే ఇది రాస్తున్నాను. గింజ ఎప్పుడు మొలవాలి, కాడ ఎంత సాగాలి అన్నది మొక్క తనలో తయారుచేసుకునే హార్మోన్లు తేలుస్తాయి. నీళ్ళు, గాలి, చీకటి, వెలుతురు, చేతి తాకిడి, గోటితో గిల్లడం, ఇలా మనకు అందుబాటులో ఉన్న మామూలు పనులన్నీ చివరికి ఆ హార్మోన్ల మీదే పనిచేస్తాయి. వీటిని వాడుకోవడం తెలిస్తే దుకాణంలో సీసా కొనాల్సిన అవసరం చాలాసార్లు రాదు. కింద చెప్పినవి బడిపిల్లలు, మిద్దెతోట వాళ్ళు, రైతులు ఎవరైనా చేయగలిగినవే. ఒక నోటుపుస్తకం, ఒక స్కేలు దగ్గర పెట్టుకోండి.

ముందు గింజను అడగండి

ఏ విత్తనమైనా చల్లడానికి కనీసం రెండు వారాల ముందు వంద గింజలు పరీక్ష పెట్టండి. మంచివి ఏరకండి, చేతికి వచ్చినవి వచ్చినట్టు లెక్కపెట్టండి. నూలుగుడ్డ తడిపి గట్టిగా పిండండి. తాకితే చెయ్యి చెమ్మగా అవ్వాలి, పిండితే చుక్క కారకూడదు. గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, గుడ్డ చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఉంచండి. పెసలైతే రెండు రోజులు, వడ్లయితే ఐదు నుంచి ఏడు రోజులు, టమాటా, మిరప అయితే ఏడు నుంచి పద్నాలుగు రోజులు చూడాలి.

మొలిచినవి లెక్కపెట్టడంతో పని అయిపోదు. అసలు సమాచారం మొలవని గింజల్లో ఉంది. ఒక్కొక్కటి తీసి గోటితో నొక్కండి. మెత్తగా నలిగి, పుల్లటి కంపు కొడితే అది చచ్చిన గింజ. నీరు పీల్చి ఉబ్బి, నొక్కితే గట్టిగా ఉండి, కోస్తే లోపల తెల్లగా శుభ్రంగా కనిపిస్తే అది నిద్రలో ఉన్న గింజ. వేసినప్పుడు ఎంత ఉందో అంతే ఉండి, రాయిలా మిగిలితే దాని పైపొట్టు నీళ్ళనే లోపలికి రానివ్వలేదు. బెండలో, కొన్ని పప్పుజాతుల్లో ఇది కనిపిస్తుంది. రాయిగింజకు హార్మోన్ మందులు ఏమీ చేయలేవు. గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, రాత్రంతా నానబెడితే చాలు. ఈ మూడింటినీ వేరుచేసి చూడకపోవడం వల్లే మా నాన్న బతికున్న విత్తనాన్ని దాణాలో కలిపేశారు.

నిద్రగింజలో జరిగేది ఇది. గింజ తల్లిచెట్టు మీద ముదిరే రోజుల్లో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ అందులో పేరుకుంటుంది. అది గింజను ఆగమంటుంది. జిబ్బరెల్లిన్ అనే ఇంకో హార్మోన్ కదలమంటుంది. త్రాసులో మొదటిది బరువుగా ఉన్నంతకాలం నీళ్ళు పోసినా గింజ కదలదు. పొడిగా నిల్వ ఉంచిన కొద్ది వారాల్లో ఆ మొదటి పట్టు సడలుతుంది, తర్వాత నీరు తగలగానే రెండోది పైచేయి అవుతుంది. గింజకు ఈ ఆగే గుణం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు వెళ్ళండి. అక్కడ కొన్ని మడచెట్ల గింజలు కాయ చెట్టుకు వేలాడుతుండగానే మొలిచి, మునక్కాడలా పొడవాటి మొలకతో కిందకు దిగుతాయి. ఆటుపోట్ల నేలలో బతకడానికి ఆ చెట్టుకు అది వరం. మన వరికి, మొక్కజొన్నకు మాత్రం శాపం.

మండె కట్టే పద్ధతి

నిద్ర వదిలిన విత్తనానికి కావలసినవి నీరు, ఊపిరి, వెచ్చదనం. వడ్లను 24 గంటలు నానబెట్టండి. మధ్యలో, అంటే 12 గంటలకు ఒకసారి, నీళ్ళు మార్చడం మరచిపోవద్దు. నిలవ నీటిలో గింజకు గాలి ఆడదు. పైగా పొట్టులోంచి కారిన, మొలకను అడ్డుకునే పదార్థాలు ఆ నీటిలోనే ఉండిపోతాయి. మా అమ్మమ్మకు హార్మోన్ అన్న మాట తెలియదు గానీ, నానబోసిన నీళ్ళు పచ్చబారగానే పారబోసేది.

తర్వాత నీళ్ళు పూర్తిగా వార్చి, తడి గోనెసంచిలో పోసి, మూతి వదులుగా కట్టి, పైన గడ్డి కప్పండి. పగటిపూట రెండు మూడుసార్లు నీళ్ళు చిలకరించండి. మామూలు రోజుల్లో 24 గంటలు సరిపోతుంది. దాళ్వా చలిలో 36 నుంచి 48 గంటలు పడుతుంది. మధ్యలో సంచిలోకి చెయ్యి పెట్టి చూడండి. అరచేతికి గోరువెచ్చగా తగలాలి, కొంచెం తియ్యటి వాసన రావాలి. చెయ్యి కాలేంత వేడెక్కి పులిసిన కంపు కొడితే వెంటనే విప్పి, పరిచి, చల్లటి నీళ్ళు చల్లండి. ఆ వేడి గింజల ఊపిరి నుంచే పుడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే గింజలు ఉడికిపోతాయి.

ఎక్కడ ఆపాలన్నది ముఖ్యం. గింజ కొసన తెల్లటి చుక్క, సూదిమొన కంటే కాస్త లావుగా కనిపించగానే నారుమడికి తీసుకెళ్ళాలి. వేరు గింజంత పొడవయ్యేదాకా ఉంచితే, చల్లేటప్పుడు వేళ్ళు చిక్కుపడి విరిగిపోతాయి.

నిద్రగింజను లేపాలంటే

అన్నిటికంటే మంచి మందు ఆగడమే. మూడు నాలుగు వారాలు పొడిగా ఉంచి మళ్ళీ పరీక్ష పెట్టండి. ఆగే వీలు లేక, కొత్త వడ్లనే విత్తనంగా వాడాల్సి వస్తే మన వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పే పద్ధతి ఒకటుంది. లీటరు నీటికి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి, కిలో వడ్లకు లీటరు చొప్పున ఆ నీటిలో 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టడం. నిద్ర మరీ గట్టిగా ఉన్న రకాలకు 10 మి.లీ. వాడతారు. నైట్రేట్లు తగిలినప్పుడు గింజలో అబ్సిసిక్ ఆమ్లం విరిగిపోయే వేగం పెరగడాన్ని శాస్త్రవేత్తలు కొన్ని మొక్కల్లో చూశారు. ఇది ప్రమాదకరమైన ఆమ్లం. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. ప్లాస్టిక్ తొట్టెలో ముందు నీళ్ళు పోసి, తర్వాత ఆమ్లాన్ని సన్నటి ధారగా కలపాలి. ఆమ్లంలో నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. మొదటిసారి మీ వ్యవసాయ విస్తరణ అధికారిని దగ్గర పెట్టుకునే చేయండి. పిల్లల ప్రయోగాల్లోకి దీన్ని తేవద్దు.

మిద్దెతోట వాళ్ళకు ఎదురయ్యేది టమాటా. పండు లోపల అంత తడి ఉన్నా గింజలు అక్కడే ఎందుకు మొలవవు? గింజ చుట్టూ ఉన్న జిగురులో అబ్సిసిక్ ఆమ్లం ఉంటుంది. రసం చిక్కగా ఉండటం వల్ల గింజకు కావలసినంత నీరు కూడా అందదు. అందుకే పండు గుజ్జును గిన్నెలో పిండి, ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, జల్లెడలో గింజలు గరగరలాడేదాకా కడిగి, నీడలో ఆరబెట్టండి. మూడో రోజు దాటనివ్వొద్దు, అదే గిన్నెలో మొలకలు మొదలవుతాయి.

తులసి, తోటకూర లాంటి సన్నగింజలను మట్టిలో లోతుగా పూడ్చకండి. ఇలాంటి చిన్న విత్తనాల్లో చాలావాటికి వెలుతురు తగిలితేనే లోపల జిబ్బరెల్లిన్ తయారీ ఊపందుకుంటుంది. మట్టి మీద చల్లి, అరచేత్తో అద్ది, తుంపరగా నీళ్ళిస్తే సరిపోతుంది.

మొలవకూడని చోట మొలిస్తే

తుఫాను రోజుల్లో కోసిన పనలు చేలో నీళ్ళలో పడి, కంకి మీదే పచ్చటి మొలకలు రావడం గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళందరూ చూసిన దుఃఖమే. నిద్ర తక్కువగా ఉన్న రకాలకు ఈ బెడద ఎక్కువ. పనలు తడిసిన వెంటనే, మొలక రాకముందే, లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి పనల మీద బాగా తడిసేలా పిచికారీ చేయండి. ఉప్పునీటిలోంచి గింజ నీటిని లాక్కోలేదు, కాబట్టి జిబ్బరెల్లిన్ పని మొదలయ్యే అవకాశమే ఉండదు. మొలక కనిపించాక కొట్టి లాభం లేదు. ఇలా ఉప్పు కొట్టిన వడ్లను విత్తనానికి ఉంచుకోవద్దు.

దీన్నిబట్టి నిద్ర చెడ్డదని తీసిపారేయకూడదని అర్థమవుతుంది. కోతకాలపు వానను తట్టుకోవడానికి రెండు మూడు వారాల నిద్ర ఉన్న రకమే రైతుకు మేలు. వేరుశనగలోనూ ఇంతే. గుత్తి రకాల్లో నిద్ర దాదాపు ఉండదు కాబట్టి, పీకే వేళకు వాన పడితే కాయ భూమిలోనే మొలుస్తుంది.

జిబ్బరెల్లిన్ పనిని కళ్ళారా చూడండి

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. మూడు నాలుగు రోజుల ఓపిక, పచారీ కొట్టులో, మందుల షాపులో, పురుగుమందుల దుకాణంలో దొరికే సరుకులు ఉంటే చాలు.

గ్లాసు నీళ్ళలో చెంచా చైనాగ్రాస్ పొడి, పావు చెంచా బియ్యప్పిండి వేసి, ఉండలు కట్టకుండా కలుపుతూ చైనాగ్రాస్ పూర్తిగా కరిగేదాకా మరిగించండి. వేడినీళ్ళతో కడిగిన, అంచున్న గాజు పళ్ళెంలో గోరు మందాన పోసి గడ్డకట్టనివ్వండి. రాత్రంతా నానిన గోధుమలు ఇరవై తీసుకోండి. గోధుమగింజను దగ్గరగా చూస్తే ఒక కొసన చిన్న పల్లంలాంటి మచ్చ కనిపిస్తుంది, పిండం ఉండేది అక్కడే. రెండో కొసన సన్నటి నూగు ఉంటుంది. కొత్త బ్లేడుతో గింజను అడ్డంగా సగానికి కోయండి. పిండం ఉన్న ముక్కలు ఒకవైపు, నూగు ఉన్న ముక్కలు ఇంకోవైపు. నూగు ముక్కల్లో సగం తీసి, 10 పీపీఎం (లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు) జిబ్బరెల్లిక్ ఆమ్లం, అంటే దుకాణంలో దొరికే జిబ్బరెల్లిన్, కలిపిన నీటిలో ఒక రాత్రి ఉంచండి. మిగిలిన ముక్కలన్నీ మామూలు నీటిలో ఉంచండి. తర్వాత అన్నిటినీ కోసిన ముఖం కిందకు వచ్చేలా పళ్ళెంలో మూడు వరుసలుగా పెట్టి, మూతపెట్టి, వెచ్చటి చోట రెండు రోజులు వదిలేయండి.

మూడో రోజు ముక్కలు తీసేసి, బీటాడిన్ ఒక వంతుకు పది వంతుల నీళ్ళు కలిపి పళ్ళెం అంతా తడిసేలా పోయండి. నిమిషంలో పళ్ళెం నీలినలుపుకు తిరుగుతుంది. అయోడిన్‌తో పిండిపదార్థం కలిస్తే వచ్చే రంగది. పిండం ఉన్న ముక్కలు కూర్చున్న చోట మాత్రం చుట్టూ తేటగా, చీకట్లో చందమామల్లా గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. అక్కడ పిండి కరిగిపోయింది. పిండం లేని ముక్కల కింద దాదాపు నల్లగానే ఉంటుంది. జిబ్బరెల్లిన్‌లో నానిన ముక్కల కింద, పిండం లేకపోయినా, మళ్ళీ తేట మచ్చలు వస్తాయి. ఈ మూడో వరుస చూసిన పిల్లలు ఒక్క క్షణం ఏమీ మాట్లాడరు. పిండం చేసే పనిని ఒక చుక్క మందు చేసి చూపించడం వాళ్ళ కళ్ళ ముందే ఉంటుంది.

జరిగింది ఇదీ. నీరు పీల్చిన పిండం జిబ్బరెల్లిన్‌ను విడుదల చేస్తుంది. అది గింజ పైపొట్టు కిందనున్న ఆల్యూరోన్ అనే పలచటి పొరకు చేరుతుంది. ఆ పొర అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసి లోపలి పిండిలోకి వదులుతుంది. పిండి చక్కెరగా మారి మొలకకు ఆహారమవుతుంది. బియ్యం మరపట్టినప్పుడు తవుడుగా వేరయ్యేది ఎక్కువగా ఈ ఆల్యూరోన్ పొర, పిండమే. పాలిష్ బియ్యం ఎంత నానబెట్టినా మొలవకపోవడానికి కారణం అదే.

పసిపిల్లల ఇళ్ళలో రాగులను 12 గంటలు నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి, దోరగా వేయించి మాల్ట్ పిండి పడతారు కదా. ఆ జావ మామూలు రాగిజావకంటే పలచగా, కొంచెం తియ్యగా రావడానికి కారణం ఈ అమైలేజే. మొలక ఒకటి రెండు మిల్లీమీటర్లు కనిపించగానే ఎండకు వేయండి. ఇంకా పెరగనిస్తే పిండిలోని సత్తువను మొలకే తినేస్తుంది.

ఇక కాడ సంగతి

రెండు గిన్నెల్లో తడి ఇసుక పోసి, ఒక్కోదానిలో ఇరవై నానిన పెసలు వేయండి. ఒకటి కిటికీ దగ్గర, రెండోది అట్టపెట్టె కింద పూర్తి చీకట్లో. ఐదు రోజుల తర్వాత తీసి, ప్రతి కాడనూ స్కేలుతో కొలిచి రాసుకోండి. చీకటిలోవి రెండింతలకు మించి పొడవుగా, పాలిపోయి, తలలు వంచుకుని, ఆకులు విచ్చుకోకుండా ఉంటాయి. పిల్లలు దీన్ని చూసి చీకట్లోనే మొక్క బాగా పెరుగుతుందంటారు. రెండు గిన్నెల మొక్కలనూ వేళ్ళతో సహా కడిగి, బాగా ఎండబెట్టి తూచి చూపించండి. చీకటి మొక్కలు అన్నీ కలిపినా వేసిన పెసల ఎండు బరువుకంటే తక్కువే తూగుతాయి. అంటే అవి కొత్తగా ఏమీ సంపాదించలేదు. ఉన్న పొదుపంతా కాడ పొడవు మీదే ఖర్చుపెట్టి వెలుతురు కోసం వెతుక్కుంటున్నాయి. పెళ్ళిళ్ళలో అంకురార్పణకు మూకుళ్ళలో పోసిన నవధాన్యాలు దేవుడి గదిలో సన్నగా, పసుపుపచ్చగా సాగి, గుమ్మం వైపు వాలి ఉండటం చూసే ఉంటారు. అక్కడ జరిగేది కూడా ఇదే.

ఆ వాలడం వెనక ఉన్న హార్మోన్ ఆక్సిన్. చూడాలనుకుంటే చెప్పులపెట్టెకు ఒక పక్క రూపాయి బిళ్ళంత రంధ్రం చేయండి. కుండీలో రెండు మూడు సెంటీమీటర్లు పెరిగిన, ఇంకా ఆకు విచ్చని గోధుమ మొలకలు అందులో పెట్టండి. కొన్ని మొలకల కొసలకు అల్యూమినియం రేకుతో చిన్న టోపీలు తొడగండి. కొన్నింటికి కొస వదిలేసి, కింది భాగానికి మాత్రం రేకు చుట్టండి. మర్నాటికి కొస బయట ఉన్నవి రంధ్రం వైపు వంగుతాయి, టోపీ పెట్టినవి నిటారుగా ఉంటాయి. వంపు వచ్చేది కొసకు కింద, కానీ వెలుతురును కనిపెట్టేది కొస. చార్లెస్ డార్విన్, కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి ఇదే ప్రయోగాన్ని గడ్డిజాతి మొలకల మీద చేసి 1880లో ప్రచురించారు. కొస నుంచి కిందకు దిగే ఆ పదార్థాన్ని డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1926లో చిన్న అగర్ దిమ్మల్లోకి పట్టి చూపించారు. అగర్ అంటే మీరు ఇందాక వాడిన చైనాగ్రాసే. ఆక్సిన్ నీడ వైపుకు ఎక్కువగా చేరుతుంది, అటువైపు కణాలు ఎక్కువ సాగుతాయి, మొలక వెలుతురు వైపు ఒరుగుతుంది.

మిద్దెతోటలో టమాటా, మిరప నారు సన్నగా సాగి పడిపోతోందని చాలామంది బాధపడుతుంటారు. వాళ్ళు ముందుగా ఎరువు వేస్తారు, దాంతో ఇంకా సాగుతుంది. చేయాల్సింది వేరు. మొలక మట్టి పైకి రాగానే ట్రేను ఎండ తగిలే చోటికి మార్చండి. నారు ఒత్తుగా ఉంటే పలచన చేయండి, పక్క మొక్కల నీడ కూడా కాడను సాగదీస్తుంది. రోజూ ఉదయం ఆకుల మీద తడి ఆరాక, అరచేత్తో నారు కొసలను మెల్లగా పది పదిహేనుసార్లు అటూ ఇటూ నిమరండి. గాలికి ఊగిన మొక్కలాగే, చేతి తాకిడికి కూడా కాడ పొట్టిగా, లావుగా, గట్టిగా తయారవుతుంది. రెండు వారాలు ఇలా నిమిరిన ట్రేను, నిమరని ట్రేను పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పక్కర్లేకుండానే తేడా తెలుస్తుంది.

పొట్టి బఠాణీని పొడుగు చేయడం

1926లో ఎయిచి కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త వరి నారులో ఒక తెగులును పరిశీలించారు. తెగులు సోకిన మొక్కలు మిగతావాటికంటే ఎత్తుగా, సన్నగా, పాలిపోయి పెరిగి, గింజ పట్టకుండానే పోయేవి. అక్కడి రైతులు దాన్ని బకానే అనేవారు, అంటే వెర్రి మొలక. ఆ శిలీంధ్రాన్ని పెంచిన ద్రవాన్ని వడకట్టి, శిలీంధ్రం లేకుండా పోసినా నారు అలాగే సాగింది. 1935లో యబుటా అనే మరో జపాన్ శాస్త్రవేత్త ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. ఆ పదార్థం మొక్కలు తమంతట తాము తయారుచేసుకునేదే అని తర్వాత తేలింది.

పదో తరగతిలో మెండెల్ పొడుగు, పొట్టి బఠాణీల గురించి చదివినవాళ్ళందరూ ఈ ప్రయోగం చేయాలి. మెండెల్ పొట్టి బఠాణీ పొట్టిగా ఉండటానికి కారణం, చురుకైన జిబ్బరెల్లిన్ తయారుచేసే చివరి మెట్టు దానిలో దెబ్బతినడమే. మనకు విత్తనాల దుకాణాల్లో అర్కెల్ అనే పొట్టి రకం బఠాణీ దొరుకుతుంది. అక్టోబరు, నవంబరు చలిలో వేయండి, ఎండాకాలంలో సరిగ్గా రాదు.

జిబ్బరెల్లిక్ ఆమ్లం గ్రాము పొడి తెచ్చి 10 మి.లీ. స్పిరిట్‌లో కరిగించండి. నీటిలో నేరుగా వేస్తే త్వరగా కరగదు. ఇప్పుడు ప్రతి మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో ఒక మి.లీ. లీటరు నీటికి కలిపితే 100 పీపీఎం. ఇంకో లీటరు నీటికి ఒట్టి స్పిరిట్ ఒక మి.లీ. కలిపి పక్కన పెట్టండి. మూడు నాలుగు ఆకుల దశలో, పది మొక్కల కొస ఆకులకు మందు నీటిచుక్క, మరో పది మొక్కలకు ఒట్టి స్పిరిట్ నీటిచుక్క పెట్టండి. ఈ రెండో వరుస లేకపోతే, పెరిగింది మందు వల్లో స్పిరిట్ వల్లో ఎలా చెప్తాం? వారం తర్వాత కణుపుకూ కణుపుకూ మధ్య దూరం కొలవండి. కణుపుల లెక్కలో పెద్ద తేడా ఉండదు, వాటి మధ్య దూరమే బాగా పెరిగి ఉంటుంది. జిబ్బరెల్లిన్ కాడను ఎలా పొడిగిస్తుందో ఆ స్కేలు మీద కనిపిస్తుంది. సీసాల మీద పేరు, తేదీ రాసి, పిల్లలకు అందకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

ఒక హెచ్చరిక. పురుగుమందుల దుకాణాల్లో అమ్మే చాలా జిబ్బరెల్లిక్ ఆమ్లం సీసాల మీద 0.001 శాతం అని ఉంటుంది. లెక్క వేయండి, ఆ సీసాలోని ద్రవమే 10 పీపీఎం. దానితో 100 పీపీఎం చేయడం సాధ్యం కాదు, కొట్టేటప్పుడు నీళ్ళు కలిపితే ఇంకా చాలా పలచనవుతుంది. శాతం చూడకుండా, దుకాణంలో చెప్పారని మూతలకొద్దీ పోసేవాళ్ళు ఉన్నారు. అలాగే బలమైన పొడిని నారుమడి మీద కొట్టి కాడలన్నీ సోలిపోయేలా చేసుకున్న వాళ్ళూ ఉన్నారు. డబ్బా మీది శాతం, పంట పేరు, మోతాదు చదవకుండా సీసా మూత తీయొద్దు.

ఇదే హార్మోన్‌ను మన దగ్గర పెద్ద ఎత్తున వాడేది కరీంనగర్, వరంగల్ ప్రాంతాల హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తిలో. అక్కడ ఆడ వరుసల కంకి పోటాకు తొడిమెలో సగం ఇరుక్కుపోతుంది, పూర్తిగా బయటికి రాదు. కంకులు అక్కడక్కడా తొంగిచూసే దశలో జిబ్బరెల్లిక్ ఆమ్లం కొడితే పైకణుపు సాగి కంకిని బయటికి తోస్తుంది. ఆ తర్వాతే మగ వరుసల పుప్పొడి దానికి అందుతుంది. రోజు ఆలస్యమైతే గింజ తగ్గుతుంది కాబట్టి ఆ వారమంతా రైతులు చేలోనే ఉంటారు.

దీనికి తిరగేసిన కథ ఐఆర్‌8 అనే వరి రకానిది. పాత పొడుగు వరులకు యూరియా వేస్తే ఏపుగా పెరిగి చేను పడిపోయేది. 1966లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్‌8 పొట్టికాడది. ఎంత ఎరువు వేసినా నిలబడింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని పండించి చూపించారు. ఆ పొట్టితనానికి కారణం జిబ్బరెల్లిన్ తయారీలో పనిచేసే ఒక జన్యువు దెబ్బతినడమేనని 2002లో తేలింది. మన కంచంలోకి అన్నం వచ్చింది, కాడలో ఈ హార్మోన్ కాస్త తగ్గడం వల్ల.

పండిన అరటిపండు, తుంచిన తల

బఠాణీలు చీకట్లో మొలకెత్తించి, రెండు సెంటీమీటర్లు పెరిగాక, సగం మొలకలున్న కుండీని బాగా మగ్గిన అరటిపండుతో కలిపి మూతగట్టి డబ్బాలో పెట్టండి. మిగతా సగం పండు లేని అలాంటి డబ్బాలోనే. రెండు మూడు రోజులకు పండు పక్కనున్న కాడలు పొట్టిగా, ఉబ్బి, పక్కకు తిరిగి పెరుగుతాయి. పండు వదిలే ఇథిలిన్ వాయువు పని అది. 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్ ప్రయోగశాల గ్యాసుదీపాల వల్ల తన బఠాణీ మొలకలు ఇలాగే అయ్యాయని గమనించి, కారణం ఇథిలిన్ అని తేల్చారు. కాబట్టి మొలకల ట్రేలను మామిడిపండ్లు మగ్గే గదిలో పెట్టకండి.

చివరిది, ఖర్చులేనిది. బంతి, చామంతి, తులసి కుండీల్లో కొసమొగ్గ నుంచి కిందకు దిగే ఆక్సిన్ పక్కమొగ్గలను అణచి ఉంచుతుంది. బంతి నాటిన నెల నుంచి 40 రోజుల్లో, ఐదారు జతల ఆకులు వచ్చాక, కొసన రెండు అంగుళాల లేతకాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి గిల్లండి. సాయంత్రం పూట చేసి, ఆ రోజు కొసలు తడవకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్ళు పోయండి. సగం మొక్కలను గిల్లకుండా పోల్చుకోవడానికి వదిలేయండి. పదో రోజున ఆకు కాడకూ, కాండానికీ మధ్య పంగలో భూతద్దం పెట్టి చూడండి. మొక్క వేర్ల నుంచి వచ్చి పక్కమొగ్గలను కదలమనే సైటోకైనిన్ అనే హార్మోన్‌కు ఇప్పుడు అడ్డులేదు. అంతవరకు గసగసాల గింజంత ఉన్న పక్కమొగ్గలు పెసరగింజంత ఉబ్బి, రెండేసి పచ్చటి ఆకుకొనలు బయటపెట్టి ఉంటాయి. ఎన్ని పంగల్లో వచ్చాయో లెక్కపెట్టి, గిల్లని మొక్క పక్కన రాసుకోండి.